ఓడలో పిల్లి

2016 సెప్టెంబరులో మా పెళ్ళయి పాతికేళ్ళు నిండాయి. అమ్మాయి తన మొదటి ఉద్యోగపు జీతంలో మిగిల్చిన డబ్బుతో మమ్మల్నిద్దరినీ సౌతాంప్టన్‌లో ఒక విహారనౌక ఎక్కించింది. తొమ్మిది రాత్రులు. లా కొరున్యా, లిస్బన్, కాడిజ్, జిబ్రాల్టర్ చూపించి మళ్ళీ సౌతాంప్టన్‌లో దింపుతారు. నేను విశాఖపట్నంలో పుట్టినవాణ్ణి. మా నాన్నగారు పోర్టులో గుమాస్తాగా ముప్ఫయ్యేళ్ళపాటు వచ్చేపోయే ఓడల పేర్లు చిట్టాలకెక్కించారు. 1948లో నెహ్రూగారి చేతులమీదుగా విశాఖలో జలప్రవేశం చేసిన ‘జలఉష’ పేరును ఆయన ఇష్టదైవం పేరు పలికినట్టు పలికేవారు. అటువంటి ఇంట్లో పుట్టి కూడా యాభయ్యవపడి దాటేదాకా నేను ఓడ మెట్లు ఎక్కలేదు.

ఎక్కగానే మా అందరినీ ఒక పెద్ద హాలులో పోగుచేసి, ఏడు పొట్టికూతలూ ఒక దీర్ఘమైన కూతా వినబడితే ఏమి చెయ్యాలో నేర్పారు. ప్రక్కనే కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో లైఫ్ జాకెట్ పెట్టుకుని, దానిని పసిపిల్లను జోకొట్టినట్టు తడుతూ, “ఇది మీకు ఎన్నవది?” అని అడిగింది. ఆ ఓడలో కులగోత్రాల ప్రశ్న ఇదేనని నాకు తరువాత అర్థమయింది. మొదటిదన్నాను. “మాకు నలభై ఒకటవది” అన్నది, ఎంతో జాలిగా.

భోజనానికి రెండు పంక్తులు. మొదటిది ఆరున్నరకు, రెండవది ఎనిమిదిన్నరకు. మాది రెండవ పంక్తి, ఎనిమిదిమంది కూర్చునే గుండ్రటి బల్ల. తొమ్మిది రాత్రులూ అవే మొహాలు. ఈ ఏర్పాటు గురించి విన్నప్పుడు నా ప్రాణం ఉసూరుమన్నది. ఇంగ్లండులో అప్పటికి ఇరవైమూడేళ్ళుగా ఉంటున్నాను, ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుణ్ణి. నా దగ్గరకు వచ్చిన మనుషులు రెండు మాటలు మాట్లాడేలోపల నిద్రపోతారు. ఆ సౌకర్యానికి అలవాటుపడిపోయాను.

బల్ల దగ్గర ఎవరెవరంటే, లాంకషైరు నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య. చెషైరులో టపా బట్వాడా చేసి రిటైరయిన పోస్టుమాను, ఆయన భార్య. మిగిలిన ఇద్దరూ కెంట్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు, వితంతువులు. నలభై ఒకటవ యాత్ర వారిదే. ఎవరి పేరూ ఇక్కడ వ్రాయను, అది మర్యాద కాదు. కానీ లాంకషైరు పెద్దాయన ఇంటిపేరు ‘బాటమ్’ అనే మాటతో ముగుస్తుందని మాత్రం చెప్పకపోతే కథ లేదు.

తొలిరాత్రి ఆయనే మొదలుపెట్టారు. చేయి కలిపి, పేరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, “ఊఁ, కానివ్వండి, నవ్వేసుకోండి. సూపు వచ్చేలోపల అయిపోవాలి” అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వాలో వద్దో తెలియక నా చెంచా వైపు చూశాను. ఆ ఇంటిపేర్లు ఆయన ప్రాంతంలో బోలెడు. రామ్స్‌బాటమ్, సైడ్‌బాటమ్, లాంగ్‌బాటమ్, వింటర్‌బాటమ్. బాటమ్ అంటే పాత ఇంగ్లీషులో లోయ అడుగుభాగం. లోయలో కాపురమున్నవాడికి లోయ పేరు వచ్చింది, మనకు ఊరి పేరు ఇంటిపేరయినట్టే. తరువాత ఆ మాటకు లోకం పృష్ఠభాగమనే అర్థాన్ని ఖాయం చేసింది. అందులో ఆయన పూర్వీకుల తప్పేమీ లేదు. టెలిఫోనులో బ్యాంకు వాళ్ళకు పేరు చెప్పగానే అవతల ఊపిరి బిగపట్టిన నిశ్శబ్దం వినిపిస్తుందట. “నవ్వేసెయ్యమ్మా, తరువాత పని చూసుకుందాం” అంటారట ఈయన. ఆయన భార్య అందుకుని, “పెళ్ళికి ముందు నాకు చాలా మంచి పేరుండేది. ఈయన అడిగినప్పుడు మనిషికి వెంటనే సరేనన్నాను. పేరుకు మాత్రం మూడు వారాలు గడువు తీసుకున్నాను” అన్నది.

పోస్టుమానుగారు ఈ విషయంలో నడిచే నిఘంటువు. చెషైరులో ఒక ఊరి పేరు చోల్‌మొండెలే అన్నట్టు వ్రాసి ‘చమ్లీ’ అని పలుకుతారు. ఫెదర్‌స్టన్‌హాగ్ అన్నట్టు వ్రాసి ‘ఫాన్‌షా’ అనేవాళ్ళున్నారు. ఇంగ్లీషువాడి ఉత్తరం మీది పేరు చదవాలంటే చదువు చాలదు, ఆ ఊళ్ళో పుట్టి ఉండాలని ఆయన సిద్ధాంతం. (వ్రాసినది వ్రాసినట్టే పలికే భాష మాదని నేను కొంచెం గర్వంగా అన్నాను. “అయితే మీ పోస్టుమాన్‌లకు కాలక్షేపం ఎలాగండీ?” అన్నారాయన.)

రెండవనాడు బిస్కే అఖాతం. ఓడ తొట్టెలా ఊగుతోంది. సగం బల్లలు ఖాళీ. మా బల్ల మాత్రం నిండుగా ఉంది. లేచి వెళ్ళిపోతే వెనుక తన మీద ఏమి జోకు పడుతుందోనని ఎవరి భయం వారిది. ఆ రాత్రి పుడ్డింగు ‘స్పాటెడ్ డిక్’. ఎండుద్రాక్ష మచ్చలున్న ఆవిరిముద్ద, పైన కస్టర్డు. ఆ రెండవ మాటకు ఇంగ్లీషులో ఉన్న అర్థాంతరం మిత్రులకు వివరించనక్కరలేదనుకుంటాను. 2009లో వేల్స్‌లో ఫ్లింట్‌షైరు కౌన్సిలు క్యాంటీనులో ఈ వెకిలి మాటలు భరించలేక దాని పేరు ‘స్పాటెడ్ రిచర్డ్’ అని మార్చారని, జనం గోలపెడితే మళ్ళీ పాతపేరే పెట్టవలసివచ్చిందని పోస్టుమానుగారు చెప్పారు. ఆ కబురు వినగానే లాంకషైరు పెద్దాయన చెంచా దించి, “పేరు మార్చుకుంటే రుచి మారుతుందా?” అన్నారు. అందరూ మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదన్న సంగతి నాకు రెండు రోజుల తరువాతగాని గుర్తుకు రాలేదు.

అక్కచెల్లెళ్ళకు ఓడల పేర్లే లోకం. ఓడకు పేరు పెట్టేటప్పుడు షాంపేను సీసా ముక్కుకు తగిలి పగలాలి, పగలకపోతే అరిష్టం. 2000లో ‘అరోరా’ నామకరణానికి యువరాణి ఆన్ వస్తే సీసా పగలలేదు. తొలి యాత్రలోనే, ఈ బిస్కే అఖాతంలోనే, యంత్రం చెడి ఓడ వెనక్కు తిరిగింది. 2007లో ‘క్వీన్ విక్టోరియా’కు కమిల్లా పేరు పెట్టినప్పుడూ సీసా పగలలేదు. ఆ ముచ్చట్లు అయ్యాక అందరూ ఆ ఏటి ప్రసిద్ధమైన తగాదాలోకి దిగారు. ప్రభుత్వ పరిశోధన మండలివారు ధ్రువప్రాంతాలకు వెళ్ళే కొత్త నౌకకు పేరు సూచించమని ఆ వసంతంలో ప్రజలను అడగడమూ, ప్రజలు 1,24,109 ఓట్లతో ‘బోటీ మెక్‌బోట్‌ఫేస్’ అన్న పేరును గెలిపించడమూ మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగు చేస్తే ‘పడవేశ్వరరావు పడవమొహం’ అనవచ్చు. మంత్రిగారు కాదుకూడదని నౌకకు ‘సర్ డేవిడ్ అటెన్‌బరో’ అని పెట్టి, ఆ పేరును నౌకలో ఉండే చిన్న జలాంతర్గామికి ఇచ్చి సర్దిచెప్పారు. అక్కగారికి ఇది ప్రజాస్వామ్యానికి జరిగిన ద్రోహం. చెల్లెలుగారికి, “నీవల్లనే సర్వనాశనం, ఓటు వేసినవాళ్ళలో నువ్వూ ఒకతెవి.”

ఈ హడావిడి అంతా చూస్తూ నేను ఒకటి కనిపెట్టాను. వాళ్ళు ఎదుటివాడి పేరును ఊరికే వెక్కిరించరు. ముందు తన పేరు బల్లమీద పెట్టాలి. పెట్టి, తానే ఒక దెబ్బ వేసుకోవాలి. ఆ తరువాతనే మిగతావారి పేర్ల మీద చేయి వేసే హక్కు వస్తుంది. పేకాటలో పందెం కాయడం వంటిది. నేను నాలుగు రాత్రులుగా పందెం కాయకుండా ఆట చూస్తున్నాను.

ఈలోగా మా ఆవిడ ఓడను జయించింది. నౌకాయానం గురించి అసలైన పాఠాలు లాండరెట్‌లో దొరుకుతాయని తను తేల్చిచెప్పింది. ఉన్న నాలుగు యంత్రాలకోసం వచ్చిన ఆడవాళ్ళందరూ అక్కడ కూర్చుని, తమ బట్టలు ఆరేలోపల ఓడ మొత్తాన్ని ఉతికి ఆరేస్తారట. ఆరని బట్టలను డ్రయ్యరులోంచి తీసి నేలమీద పెట్టిన ఒక పెద్దమనిషి సంగతీ, తెల్లవారుఝామున అయిదింటికే ఈతకొలను ప్రక్క కుర్చీల మీద తువ్వాళ్ళు పరచి మళ్ళీ పడుకునేవారి జాబితా, అన్నీ మా గదికి వచ్చేవి. సూటూబూటూ వేసుకోవలసిన రాత్రి తను వెంకటగిరి చీర కట్టుకు వస్తే మా బల్ల లేచి నిలబడింది. వడ్డించే గోవా కుర్రవాడు కూడా, “ఈ రాత్రి మన పక్షం గెలిచిందమ్మా” అన్నాడు హిందీలో. అతని చొక్కామీది బిళ్ళ మీద మూడక్షరాల పేరు. బామ్మ పెట్టిన అసలు పేరు చాలా పొడుగట. బిళ్ళ మీద పట్టదని తానే కోసుకున్నానని చెప్పి పళ్ళెం తీసుకుపోయాడు.

నాలుగవ రాత్రి, లిస్బన్ వదలిన తరువాత, పోస్టుమానుగారు నా వైపు తిరిగి, “డాక్టరుగారూ, మీరు నాలుగు రోజులుగా ఉచితంగా నవ్వుతున్నారు. మీ పేరు సంగతి చెప్పండి” అన్నారు. నా పేరు రమణ. వాళ్ళు ‘బనానా’తో ప్రాస కుదిరేట్టు ‘రమానా’ అంటారు. ఆనందింపజేసేవాడని అర్థం, భగవంతుడి పేరు, అన్నాను. బల్ల దగ్గర నిశ్శబ్దం. “బాగుంది” అన్నది చెల్లెలుగారు. ఇంగ్లీషువాళ్ళు ఒకటి బాగుందని అంత నెమ్మదిగా అన్నారంటే దానితో పని అయిపోయిందన్నమాట.

అప్పుడు మా ఆవిడ వాళ్ళకు అర్థమయ్యే ఇంగ్లీషులో, “అది ఆయన ఇంటిపేరు కాదు. అసలు ఇంటిపేరు పిల్లి. అంటే క్యాట్” అన్నది.

మిత్రులారా, ఈ పుటలో కూడా నేను ఇంతవరకు చెప్పని సంగతి ఇది. మాది పిల్లివారి ఇల్లు. మనలో పశుపక్ష్యాదుల ఇంటిపేర్లు కొత్త కావు. గేదెలవారున్నారు, నక్కావారున్నారు, మేకావారున్నారు. మల్లయోధుడు రామ్మూర్తినాయుడుగారి ఇంటిపేరు కోడి. గుండెల మీద ఏనుగును ఎక్కించుకునే మనిషిని కోడి అని వెక్కిరించే ధైర్యం ఎవరికుంటుంది? నా గుండెల మీద ఏనుగు లేదు. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా వెనుక బెంచీలోంచి ‘మ్యావ్’ వినబడేది. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు, నేను ఆ పేరును చంకన పెట్టుకుని వైద్యకళాశాలకూ, 1993లో ఇంగ్లండుకూ వచ్చాను. ఇక్కడ దాని అర్థం ఎవరికీ తెలియదు కదా అని సంతోషించాను. ‘సిల్లీ’తో ప్రాస కుదురుతుందనీ, డాక్టరుకు ‘పిల్’ అంటే మాత్ర అనీ అప్పుడు తోచలేదు. పనిచేసిన మొదటి ఆసుపత్రిలో వారం తిరిగేలోపల నా పేరు మాత్రల డాక్టరయింది. 1994లో అమ్మాయి పుట్టినప్పుడు రిజిస్టరులో ఇంటిపేరు గడిలో ‘రమణ’ అని వ్రాయించాను. 1998లో పౌరసత్వం తీసుకునేముందు డీడ్ పోల్ మీద సంతకం చేసి నేనూ పిల్లిని వదిలించుకున్నాను. ఒక కాగితం, ఒక సాక్షి. పది నిమిషాల పని.

నాన్నగారికి మాత్రం, “ఇక్కడ పోస్టుమాన్‌లు తికమకపడుతున్నారు, వి. రమణ అని వ్రాస్తే చాలు” అని వ్రాశాను. ఆ తరువాతి ఉత్తరం నుంచి వి. రమణ అనే వచ్చింది. ఎందుకని అడగలేదు. 2011లో పోయేదాకా అలాగే వ్రాశారు. వెనుకవైపు, పంపినవారి చోట మాత్రం, తెలుగులో తన ఇంటిపేరు పూర్తిగా, ముత్యాలవంటి అక్షరాలతో.

బల్ల దగ్గర ఏమయిందో చెప్పాలి. కేకలు, చప్పట్లు. “ఓడకు పిల్లి దొరికింది!” అన్నారు పోస్టుమానుగారు. నేను పెదవులతో నవ్వి, కాఫీ రాకముందే లేచి వచ్చేశాను. గదిలో మా ఆవిడతో మాట్లాడలేదు. “నేనూ పాతికేళ్ళక్రితం ఆ ఇంటి కోడలుగానే అడుగుపెట్టానండీ. నన్ను అడిగి మార్చారా?” అన్నది తను, దీపం ఆర్పుతూ. మర్నాడు పొద్దున డెక్ మీద పోస్టుమానుగారు దూరంనుంచి నన్ను చూసి సరదాగా ‘మ్యావ్’ అన్నారు. ఆయనకేమి తెలుసు? నలభయ్యేళ్ళ వెనుకటి బెంచీ ఒకటి ఆ శబ్దంతో నా వెనుకకు వచ్చి కూర్చుంది.

ఆ రాత్రి తలనొప్పి అని చెప్పి పంక్తికి వెళ్ళలేదు. పై అంతస్తులోని బఫేలో ఒక్కణ్ణే కూర్చుని చల్లారిన చేప తింటున్నాను. లాంకషైరు పెద్దాయన సూటులోనే పైకి వచ్చి, ఒక ప్లేటులో రెండు బిస్కట్లు పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. చాలాసేపు కిటికీలోంచి చీకటినే చూశాము. తరువాత ఆయన, “మా అబ్బాయి కూడా పేరు మార్చుకున్నాడు” అన్నారు. “వాడు చెప్పలేదు. క్రిస్మస్ కార్డు కవరు వెనుక, పంపినవారి చిరునామాలో చూసి తెలుసుకున్నాము. వాళ్ళమ్మ పేరు పెట్టుకున్నాడు. మంచి పేరే.”

“కోపం రాలేదా?” అని అడిగాను.

“లేదు. వాడు వచ్చినప్పుడు ఆ జోకులు వెయ్యడం మానేశాను, అంతే.” కొంచెం ఆగి, “వాడికి నవ్వు వస్తోందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ” అన్నారు.

నేను ఆ పెద్దాయనకు నాన్నగారి ఉత్తరాల సంగతి చెప్పాను. మా ఆవిడకు కూడా అప్పటిదాకా పూర్తిగా చెప్పని సంగతి. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. తన రెండవ బిస్కటు నావైపు జరిపి, “రేపు రండి. మీరు లేకపోతే ఆ అక్కచెల్లెళ్ళు మమ్మల్ని తినేస్తున్నారు” అన్నారు.

మర్నాటి రాత్రి వెళ్ళాను. కూర్చుంటూనే పందెం కాశాను. పిల్లి ఎదురైతే మా దేశంలో ప్రయాణం మానుకుంటారనీ, నేను మా వీధిలో నడిస్తే జనం గుమ్మంలోనే ఆగిపోయేవారనీ చెప్పాను (ఈ రెండవది కల్పన). కళ్ళు మూసుకుని పాలు త్రాగే పిల్లి తనను ఎవరూ చూడడం లేదనుకుంటుందన్న మన సామెతను కూడా చెప్పాను. అది చెబుతున్నప్పుడు ఎవరివైపూ చూడలేదు. అక్కగారు మాత్రం చెయ్యి ఎత్తి ఆపింది. “మీ దేశంలో ఏమోగాని, సముద్రం మీద పిల్లి అదృష్టం” అన్నది. వాళ్ళ నాన్నగారు నావికాదళంలో పనిచేశారు. ఎలుకలు తాళ్ళనూ తిండినీ పాడుచేస్తాయి కాబట్టి పూర్వం పిల్లి లేని ఓడ లేదట. 1949లో చైనాలో యాంగ్త్సీ నదిలో ‘అమెథిస్ట్’ అనే యుద్ధనౌక మీద గుండ్ల వర్షం కురిసినప్పుడు, అందులో ఉన్న సైమన్ అనే పిల్లి గాయపడి కూడా ఎలుకలను పట్టడం మానలేదు. జంతువులకిచ్చే డికిన్ పతకం దానికి ఇచ్చారు. ఆ పతకం అందుకున్న పిల్లి ఇంతవరకు అదొక్కటే. “కాబట్టి మీరు మా బల్ల దగ్గర ఉండితీరాలి. తిరుగు ప్రయాణంలో మళ్ళీ బిస్కే ఉంది” అన్నది ఆవిడ, చట్టం చదివినట్టు. పోస్టుమానుగారు ఆ రోజు మ్యావ్ అనలేదు. ఆయన చెవిలో ఎవరో ఏదో వేసినట్టున్నారు. తీరా కాఫీ దగ్గర నేనే మెల్లిగా ఆయనవైపు వంగి ‘మ్యావ్’ అన్నాను. పాపం, కప్పు ఒలకబోసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో బిస్కే అద్దంలా ఉంది. ఆ కీర్తి నాకే దక్కింది. :)

చివరి రాత్రి భోజనాల పట్టీ మీద ఏడుగురూ సంతకాలు చేసి ఇచ్చారు. చెల్లెలుగారు మూలన ఒక పిల్లిబొమ్మ వేసింది, దానికి డాక్టరు మెడలో ఉండే స్టెతస్కోపు తగిలించి. లాంకషైరు పెద్దాయన తన ఇంటిపేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో వ్రాశారు.

ఇంటికి వచ్చిన వారానికి అమ్మాయి వచ్చి, ఫ్రిజ్ మీద అంటించిన ఆ పట్టీ చూసి, పిల్లి ఏమిటని అడిగింది. చెప్పాను, మొత్తం. ఊరు వెళ్ళినప్పుడల్లా తనను ‘పిల్లివారి మనవరాలు’ అంటుంటే అదేదో ముద్దుపేరనుకున్నదట. “ఇరవైరెండేళ్ళు నా దగ్గర పిల్లిని దాచిపెట్టావా నాన్నా?” అని నిజంగానే అలిగింది. చిన్నప్పుడు పిల్లిని పెంచుకుంటానని ఏడిస్తే వద్దన్న సంగతి కూడా ఆ సందులో బయటకు తీసింది.

తరువాత నాన్నగారి ఉత్తరాల కట్ట తెమ్మన్నది. వెనుకవైపు ఉన్న ఆ రెండక్షరాలను వేలితో చూపించి, ఇదేనా అని అడిగి, కలం తీసుకుని భోజనాల పట్టీ అడుగున చూసి వ్రాసింది. తనకు తెలుగు వ్రాయడం రాదు. ‘పి’ బాగానే కుదిరింది. ‘ల్లి’ దగ్గర వత్తు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు కొట్టివేసి, మూడవసారి కుదిరాక కాగితం దూరంగా పట్టుకుని చూసి, క్రింద ఉన్నది దాని తోక కదూ అన్నది.